నీళ్ళలో నిలిచిన గడి: ఎగెస్కోవ్ మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో డెన్మార్క్‌లోని ఎగెస్కోవ్ భవనం ఫొటోను నాలుగు వాక్యాల వ్యాఖ్యతో ప్రచురించాం. చెరువు మధ్యలో ఎర్ర ఇటుకలతో రెండు గుండ్రటి బురుజుల నడుమ నిలిచిన ఆ ఇంటిని చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఒకే సంగతిని అడిగినవాటిని కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క ఇంటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మీ వ్యాఖ్యలో ఎగెస్కోవ్‌ను ఒకచోట కోట అనీ, మరోచోట భవనం అనీ రాశారు. ఏది సరైనది? అది రాజుగారిదా? ఊరంతా వదిలిపెట్టి నీళ్ళ మధ్యన ఎందుకు కట్టుకున్నారు?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది రాజుగారిది కాదు. డెన్మార్క్‌లో ఇలాంటి ఇంటిని హెరెగార్డ్ అంటారు. ఊళ్ళూ పొలాలూ తన చేతిలో ఉన్న ఒక కులీన కుటుంబం కాపురం ఉంటూ, అక్కడినుంచే శిస్తు వసూలు చేసి, తీర్పులు చెప్పి, రైతులచేత పని చేయించుకునే ఇల్లు అని దాని అర్థం. మీరు కరీంనగర్ నుంచి రాశారు కనుక మీకు ఈ సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు: అది గడి. కోట అనడం కంటే, భవనం అనడం కంటే ఈ మాటే దానికి దగ్గరగా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో వెట్టి అని దేన్నంటారో, దానికి బాగా దగ్గరైన పద్ధతిని డెన్మార్క్ రైతులు హూవెరి అన్నారు. దొర పొలంలో ఇన్ని రోజులు కూలి లేకుండా పనిచేయాలన్న కట్టుబాటు అది. గత వ్యాఖ్యలో రెండు మాటలను కలగాపులగంగా వాడినందుకు మన్నించండి.

ఎగెస్కోవ్ ఫ్యున్ దీవికి దక్షిణ భాగంలో క్వెర్న్‌డ్రుప్ అనే ఊరి దగ్గర ఉంది. పిల్లల కథలు రాసిన హ్యాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పుట్టిన ఓడెన్సె పట్టణం ఇదే దీవిలో, దీనికి ఉత్తరాన ఉంటుంది. ఈ ఎస్టేటు 1545లో ఆన్నె టిన్‌హూస్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్న ఫ్రాండ్స్ బ్రొకెన్‌హూస్ అనే కులీనుడికి ఆమె తరఫున వచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న ఇంటిని అతడు 1554 నాటికి పూర్తిచేశాడు.

నీళ్ళ మధ్యన ఎందుకన్న మీ ప్రశ్నకు జవాబు కావాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1533లో డెన్మార్క్ రాజు మొదటి ఫ్రెడరిక్ చనిపోయినప్పుడు సింహాసనం ఎవరిదన్న తగవు లేచింది. అంతకు ముందే పదవి పోగొట్టుకుని చెరలో ఉన్న రెండవ క్రిస్టియన్‌ను తిరిగి నిలబెట్టాలని, జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్ కౌంటు (అంటే ప్రభువు) క్రిస్టోఫర్ 1534లో సైన్యంతో దిగాడు. పట్టణాల వర్తకులూ పల్లెల రైతులూ అతడి పక్షం వహించారు. కౌంటు పేరుమీదనే ఆ యుద్ధాన్ని కౌంటు యుద్ధం అంటారు. అయితే రైతుల దృష్టిలో అది రాజు కోసం జరిగిన యుద్ధం మాత్రమే కాదు. తమ నెత్తిన కూర్చున్న దొరల మీద తిరుగుబాటుగా మారి, ఫ్యున్‌లోనూ, డెన్మార్క్ ప్రధాన భూభాగమైన జట్లండ్‌లోనూ ఎన్నో గడులు తగలబడ్డాయి. చివరకు 1535 జూన్ 11న ఫ్యున్‌లోని ఓక్స్‌నెబియెర్ గుట్ట దగ్గర, చనిపోయిన రాజు కొడుకు మూడవ క్రిస్టియన్ తరఫు సేనాని యోహాన్ రాంట్‌సావ్ కౌంటు పక్షాన్ని చిత్తుగా ఓడించాడు. ఆ మరుసటి ఏడాది కోపెన్‌హాగన్ లొంగిపోయింది, దేశం లూథర్ మతంలోకి మారింది, బిషప్పుల ఆస్తులు రాజు పరమయ్యాయి.

గెలిచిన దొరలకు ఆ తరువాతి యాభై ఏళ్ళు బంగారు కాలం. జర్మనీ, నెదర్లాండ్స్ పట్టణాల్లో ధాన్యానికీ ఎద్దులకూ ధరలు పెరుగుతూ పోయాయి. డెన్మార్క్‌నుంచి ఎద్దుల మందలను దక్షిణానికి తోలుకెళ్ళి అమ్మినవారి చేతికి, అంతకుముందు తరం ఎరగనంత డబ్బు వచ్చింది. డబ్బుంది, కట్టుకోవాలన్న మోజు ఉంది, కానీ తగలబడ్డ ఇళ్ళ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. ఎగెస్కోవ్ ఈ రెండింటి మధ్యన పుట్టిన ఇల్లు. నా అభిప్రాయం ఏమిటంటే, అది విదేశీ సైన్యానికి జడిసి కట్టిన ఇల్లు కాదు. 1554 నాటికి ఫిరంగులు బాగా ముదిరాయి, నాలుగు పెద్ద తోపులను గట్టున నిలబెడితే ఈ ఇటుక గోడలు ఎన్నో రోజులు ఆగేవి కావు. ఆ నీళ్ళూ ఆ బురుజులూ తోపులు లేనివాళ్ళను, అంటే కొడవళ్ళూ కాగడాలూ పట్టుకుని రాత్రిపూట వచ్చే తన సొంత రైతులను ఆపడానికి కట్టినవి.

ప్రశ్న: బురదలో, నీళ్ళలో అంత బరువైన ఇటుకల ఇల్లు కుంగిపోకుండా నాలుగున్నర శతాబ్దాలుగా ఎలా నిలిచింది? కింద కర్ర దుంగలున్నాయని రాశారు. కర్ర నీళ్ళలో కుళ్ళిపోదా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కర్ర కుళ్ళేది నీటివల్ల కాదు, నీరూ గాలీ కలిసినప్పుడు పెరిగే శిలీంధ్రాలవల్ల. ఎప్పటికీ నీటిలోనే, బురదలోనే మునిగి ఉన్న కర్రకు గాలి అందదు, గాలి అందనిచోట ఆ శిలీంధ్రాలు బతకవు. మన పల్లెల్లో బావి తవ్వినప్పుడు అడుగున నేరేడు చెక్క వేసేవారన్న సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. అదే ఎరుక అక్కడ ఓక్ కర్ర విషయంలో పనిచేసింది.

ఎగెస్కోవ్ నిలిచిన చిన్న చెరువు లోతు ఎక్కువైనచోట సుమారు 5 మీటర్లు ఉంటుంది. అడుగున మెత్తటి నేల ఉన్నచోట ఓక్ దుంగలను దగ్గర దగ్గరగా దిగవేసి, ఆ దుంగల తలలమీద పునాది లేపి, ఆపైన ఇటుక గోడలు ఎత్తారు. ఎగెస్కోవ్ అనే పేరుకు ఓక్ అడవి అని అర్థం. ఆ పునాదికి ఒక అడవి మొత్తం ఖర్చయిందని అక్కడి జనం చెప్పుకునే మాట. దుంగలు ఎన్నో లెక్కపెట్టే వీలు లేదు కనుక ఆ మాటను మాటగానే వినాలి. ఇటుకల సంగతీ చెప్పాలి. డెన్మార్క్‌లో గోడలకు పనికొచ్చే మంచి రాయి తక్కువ, పొలాల్లో దొరికే గండ్రటి గ్రానైట్ బండలు తప్ప. అందుకని పన్నెండో శతాబ్దం నడుమ నుంచే అక్కడ ఇటుక పని ప్రవేశించింది. అప్పటి ఇటుకలు ఇప్పటివాటికంటే బాగా పెద్దవి. మఠాలు కట్టే సన్యాసులు తెచ్చినవనో ఏమో, వాటికి సన్యాసి రాళ్ళని పేరు. ఎగెస్కోవ్ గోడలు అలాంటి పెద్ద ఇటుకలవే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతిని మీ ప్రశ్నే పట్టి ఇచ్చింది. చెరువులో నీటిమట్టం తగ్గిపోయి దుంగల తలలు బయటపడి గాలి సోకితే, అప్పటిదాకా నాలుగు వందల ఏళ్ళు చెక్కుచెదరని కర్ర కొద్ది దశాబ్దాల్లోనే చీకిపోగలదు. అంటే శత్రువును ఆపడానికి మొదట పెట్టిన నీరు, శత్రువు లేని ఈ కాలంలోనూ ఇంటికి తప్పనిసరి. యూరప్‌లో ఎన్నో కందకాలను పూడ్చి తోటలు వేసుకున్నారు. దుంగల మీద నిలిచిన ఇంటికి ఆ అవకాశం లేదు.

ప్రశ్న: ఇక్కడ మా ఊళ్ళో చలికాలం చెరువులన్నీ గడ్డకట్టి, పిల్లలు వాటిమీద ఆడుకుంటారు. డెన్మార్క్ కూడా చలిదేశమే. నీరు గడ్డకట్టిన రోజున ఆ కందకం ఏం కాపాడుతుంది?
— ఒక పాఠకుడు, టొరంటో

జవాబు: ఏమీ కాపాడదు, అందుకే చలిదేశాల్లో కందకాలున్నవాళ్ళు ప్రమాదం ఉన్న కాలంలో మంచును గొడ్డళ్ళతో పగలగొట్టిస్తూ ఉండేవారు. పగలగొట్టాల్సినవాళ్ళు ఆ రైతులే అన్నది మరచిపోకూడదు.

మీ అనుమానం ఎంత సరైనదో ఫ్యున్ దీవి మొత్తానికీ ఒకసారి తెలిసివచ్చింది. ఆ దీవికి సముద్రమే కందకం. 1658 జనవరి చివర్లో, అసాధారణమైన చలికి జట్లండ్‌కూ ఫ్యున్‌కూ నడుమనున్న సముద్రపాయ గడ్డకట్టినప్పుడు, స్వీడన్ రాజు పదవ కార్ల్ గుస్తావ్ గుర్రాలతో, తోపులతో సహా ఆ మంచుమీదుగా నడిచి ఫ్యున్‌లో దిగాడు. కొద్దిరోజులకే తూర్పున ఉన్న పెద్ద సముద్రపాయనూ అలాగే మంచుమీద దాటి కోపెన్‌హాగన్ వైపు కదిలాడు. ఫిబ్రవరి 26న రోస్కిల్డెలో కుదిరిన సంధిలో డెన్మార్క్ తన రాజ్యంలో పెద్ద భాగాన్ని వదులుకోవలసి వచ్చింది. స్వీడన్ దక్షిణ కొసన ఉన్న స్కోనె ప్రాంతం అప్పటినుంచీ స్వీడన్‌దే.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ విద్యార్థిని. రినైసాన్స్ (సాంస్కృతిక పునరుజ్జీవన కాలం) అనగానే మాకు ఫ్లోరెన్స్, వెనిస్ నగరాల్లోని స్తంభాలూ గుమ్మటాలూ చూపిస్తారు. ఎగెస్కోవ్ ఫొటోలో అవేమీ లేవు, మధ్యయుగపు కోటలాగే ఉంది. దాన్ని రినైసాన్స్ భవనం అని ఎలా అంటారు? లోపలి అమరిక కూడా వివరంగా చెప్పగలరు.
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీరు చూసింది నిజమే, అయితే అది లోపం కాదు, దాని ప్రత్యేకత. అమరికతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ ఇంటి తెలివంతా అందులోనే ఉంది.

పైనుంచి చూస్తే ఎగెస్కోవ్ ఒక ఇల్లు కాదు, రెండు. పొడవాటి రెండు ఇళ్ళను పక్కపక్కన చేర్చి, దేని వాలు కప్పు దానికి వేసి, రెంటికీ ఉమ్మడిగా నడుమ ఒక గోడ పెట్టారు. ఆ నడిమి గోడ నిజానికి జంట గోడ, మందం మీటరుకు పైనే. దాని పొట్టలో బయటికి కనిపించని మెట్లదారులున్నాయి, బావి ఉంది. శత్రువు వంతెన దాటి, తలుపులు పగలగొట్టి ఒక ఇంట్లో జొరబడ్డాడనుకోండి: లోపలివాళ్ళు ఆ ఇంటిని వదిలేసి, గోడలోని మెట్లదారిన రెండో ఇంట్లోకి తప్పుకుని, అక్కడినుంచి పోరాటం కొనసాగించవచ్చు. నీరు కోసం బయటికి వెళ్ళే పని లేదు, చుట్టూ ఉన్న చెరువు నీటిని ఎవరైనా పాడుచేసినా బావి లోపలే ఉంది. ఇల్లే తనకు తాను రెండో కోట కావడం అన్న ఆలోచన నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురంగా ఉంటుంది.

ఇక బయట. మూలల్లో ఉన్న రెండు గుండ్రటి బురుజులు అందానికి పెట్టినవి కావు. గోడ పొడవునా కనిపించేలా అవి ముందుకు వచ్చి ఉండటంవల్ల, గోడను ఎక్కబోయేవాడిని పక్కనుంచి కాల్చవచ్చు. గోడలు కప్పును చేరేచోట పైభాగం కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని అడుగున రంధ్రాలు విడిచిపెట్టి, కాపలావాళ్ళు నడవడానికి వెనకాల దారి పెట్టారు. ఆ రంధ్రాలనుంచి మరిగే నీళ్ళు పోయవచ్చు, రాళ్ళు విసరవచ్చు. గోడల్లో తోపులకు, తుపాకులకు కంతలున్నాయి. మొదట్లో ఇంట్లోకి ఉన్న దారి ఒక్కటే, ఎత్తుడు వంతెన.

ఇంతవరకు ఇది మధ్యయుగపు కోట. మరి రినైసాన్స్ ఎక్కడుందంటే, మొదట చూడాల్సింది ఆ కోటలో ఉండే బతుకును. మధ్యయుగపు దొర మందపు గోడల టవర్‌లో, సన్నటి కంతల వెలుగులో, ఒకటి రెండు గదుల్లో సర్దుకున్నాడు. బ్రొకెన్‌హూస్ ఇంట్లో పెద్ద కిటికీలు వరుసలు కట్టి ఉంటాయి, విశాలమైన హాళ్ళు పై అంతస్తుల్లో వెలుగుకు తెరుచుకుంటాయి. రెండు ఇళ్ళు జోడుగా, రెండు బురుజులు ఈడుగా ఉండి, ముందుభాగం ఒక బొమ్మ గీసినట్టు పొందికగా కనపడాలన్న తాపత్రయం కనిపిస్తుంది. అలా కనపడాలని కోరుకోవడమే కొత్తకాలపు లక్షణం. ఉత్తర యూరప్‌కు రినైసాన్స్ స్తంభాల రూపంలో కాక ఇలా పొందిక రూపంలో, కిటికీల రూపంలో, గోడల అలంకారం రూపంలో వచ్చింది. అదీ ఇటలీనుంచి సూటిగా కాకుండా ఎక్కువగా జర్మనీ, నెదర్లాండ్స్ పనివాళ్ళ చేతులమీదుగా వచ్చింది.

మీకు పోలిక కావాలంటే ఇదే దీవిలో, దేశపు ఛాన్సలర్ యోహాన్ ఫ్రీస్ 1538లో కట్టడం మొదలుపెట్టిన హెసెలాగెర్‌గార్డ్ అనే గడిని చూడండి. అక్కడ కూడా కందకం ఉంది, కాపలా నడవ ఉంది, కానీ కప్పు పక్కన నిలిచే గోడల అంచులు మాత్రం వెనిస్ చర్చిలను గుర్తుచేసే గుండ్రటి అర్ధవృత్తాలుగా మలచబడ్డాయి. ఒకే ఇంట్లో కింద భయం, పైన కొత్త ఫ్యాషన్. ఆ తరువాత నాలుగవ క్రిస్టియన్ రాజు పదిహేడో శతాబ్దం తొలి దశాబ్దాల్లో చెరువు దీవుల మీద ఫ్రెడరిక్స్‌బోర్ అనే రాజభవనం కట్టించేసరికి భయం పోయి, నీరు కేవలం అద్దంగా మిగిలింది. 1554 ఎగెస్కోవ్ ఈ రెండింటి నడుమ నిలబడి ఉంది, అందుకే మీలాంటి విద్యార్థులకు అది ఫ్రెడరిక్స్‌బోర్ కంటే ఎక్కువ నేర్పుతుందని నేను నమ్ముతాను.

ప్రశ్న: ఆ ఇంట్లో ఒక ఆడపిల్లను సొంత తండ్రే ఏళ్ళ తరబడి బంధించాడని చదివాను. అది కథా, నిజమా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజం. ఆమె పేరు రిగ్‌బోర్ బ్రొకెన్‌హూస్, ఇల్లు కట్టిన ఫ్రాండ్స్‌కు మనవరాలు. ఫ్రాండ్స్ స్వీడన్‌తో జరిగిన యుద్ధంలో డెన్మార్క్ సేనల నాయకత్వం దాకా ఎదిగి, 1569లో వార్బెర్గ్ కోట ముట్టడిలో తగిలిన గాయంతో చనిపోయాడు. ఆస్తి కొడుకు లౌరిడ్స్‌కు వచ్చింది. లౌరిడ్స్ కూతురు రిగ్‌బోర్ 1579లో పుట్టింది, పెద్దయ్యాక రాణిగారి పరివారంలో చేరింది. అక్కడ ఫ్రెడరిక్ రోసెన్‌క్రాంట్స్ అనే కులీన యువకుడితో ప్రేమ కలిసి, 1599లో ఆమెకు పెళ్ళి కాకుండానే కొడుకు పుట్టాడు.

ఆ కాలపు చట్టం ప్రకారం కులీన కన్యను అలా చేసినవాడికి రెండు వేళ్ళు నరికి, కులీన గౌరవం తీసివేయాలి. రోసెన్‌క్రాంట్స్‌కు ఆ శిక్షే పడింది, తరువాత దాన్ని తగ్గించి, హంగరీ వైపు వెళ్ళి తురుష్కులతో యుద్ధం చేయమన్నారు. అతడు 1602లో ఇద్దరి ద్వంద్వయుద్ధాన్ని విడదీయబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆమెకు శిక్ష వేసినవాడు తండ్రి. రాజు అనుమతి తీసుకుని కూతురిని జీవితాంతం బంధించడానికి ఎగెస్కోవ్‌లోనే ఒక గదిలో పెట్టి తాళం వేయించాడు. ఐదేళ్ళ తరువాత, 1604లో ఆ తండ్రి చనిపోయాకనే ఆమెకు విముక్తి దొరికింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు, 1641 దాకా బతికింది.

ఈ సంగతి రాస్తున్నప్పుడు నన్ను వదలని విషయం ఒకటుంది. డెన్మార్క్ వారసత్వ చట్టంలో కూతురికి కొడుకు వాటాలో సగం దక్కేది, అలా ఎన్నో ఎస్టేట్లు ఆడవాళ్ళ తరఫున చేతులు మారాయి. ఎగెస్కోవ్ బ్రొకెన్‌హూస్‌లకు వచ్చిందే ఆన్నె టిన్‌హూస్ వల్ల. నాయనమ్మ తెచ్చిన ఇంట్లోనే మనవరాలిని బంధించారు. బయటివాళ్ళు లోపలికి రాకుండా అంత తెలివిగా అల్లిన గోడలు, లోపలి మనిషిని బయటికి పోనివ్వకుండా ఉంచడానికీ అంతే బాగా పనికొచ్చాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఓడెన్సెలో పనిచేస్తున్నాడు, ఈ వేసవికి మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. ఎగెస్కోవ్‌లో ఏమేమి తప్పకుండా చూడాలి? శిఖరం కింద ఒక చెక్క బొమ్మ ఉందట, అది కదిలితే ఇల్లు మునిగిపోతుందట, నిజమా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బొమ్మ ఉన్నది నిజమమ్మా. కప్పు కింద, శిఖరం అడుగున మెత్త మీద ఒక చెక్క మనిషి పడుకుని ఉంటాడు. అతడిని అక్కడినుంచి కదిలిస్తే క్రిస్మస్ రాత్రి ఇల్లు చెరువులో మునిగిపోతుందని ఇంటివాళ్ళూ ఊరివాళ్ళూ చెప్పుకునే నమ్మకం. దుంగల మీద నిలిచిన ఇంటివాళ్ళకు మునిగిపోతామేమోనన్న దిగులు ఉండటంలో వింత లేదు.

చూసేముందు ఒక హెచ్చరిక. 1784లో ఎగెస్కోవ్‌ను హెన్రిక్ బిలె-బ్రాహె కొన్నాడు, ఇప్పటికీ అది అతడి వారసుల చేతిలోనే ఉంది. 1788లో రైతులను పుట్టిన ఎస్టేటుకు కట్టిపడేసిన చట్టం రద్దయింది, 1919 చట్టంతో కులీనుల విడదీయరాని పెద్ద ఎస్టేట్లూ పోయాయి. ఆ తరువాతి కాలంలో చాలా గడుల తలుపులు టికెట్టు కొన్న సందర్శకులకు తెరుచుకున్నాయి. అంతకు ముందే, 1880ల్లో స్వీడన్ ఆర్కిటెక్ట్ హెల్గో సెట్టర్‌వాల్ ఇంటిని బాగుచేశాడు. బాగుచేయడమంటే అప్పట్లో ఉన్నదాన్ని నిలబెట్టడం కాదు, ఇంకా మధ్యయుగంలా కనిపించేలా దిద్దడం. బురుజులను ఎత్తు పెంచాడు, వాకిట ద్వారపు టవర్ కట్టాడు. పోస్టుకార్డుల మీద ఆకాశం ముందు కనిపించి మనం ముచ్చటపడే ఆ ఇంటి రూపురేఖలో కొంత భాగం 1554ది కాదు, పందొమ్మిదో శతాబ్దపు ఊహ. జపాన్‌లో, హొక్కైదో దీవిలోని నొబొరిబెత్సు పట్టణంలో 1990లో ఈ ఇంటి నకలు కట్టి అందులో చేపల ప్రదర్శనశాల పెట్టారంటే, ఆ నకలు కూడా దిద్దిన రూపానికే నకలు.

కనుక మీరు వంతెన దాటే ముందే గట్టుమీద కాసేపు నిలబడి, కప్పుల వంక కాకుండా నీటిని తాకే గోడల వంక చూడండి. తోటలో ఎత్తైన పచ్చటి కంచెలు, డెన్మార్క్ కవి, గణితజ్ఞుడు పీట్ హైన్ గీసిన వెదురు చిక్కుదారి, పాత మోటారు బండ్ల మ్యూజియం మీ అబ్బాయి తప్పకుండా చూపిస్తాడు. లోపలికి వెళ్ళాక మాత్రం ఒక ఇంట్లోనుంచి రెండో ఇంట్లోకి అడుగుపెట్టే గడప దగ్గర ఆగి, గోడ మందాన్ని చేత్తో తడిమి కొలవండి. మెట్లూ బావీ దాగినది ఆ గోడలోనే. మోకాళ్ళు సహకరిస్తే కప్పు కిందిదాకా కూడా ఎక్కి రండి.